నేను మార్చి చెప్పిన మాట

మొన్న ఆదోనిలో కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. పక్క బెంచీ మీద, సెలవు మీద ఇంటికి వచ్చిన జవాను ఒకడు ఫోనులో హిందీలో మాట్లాడుతున్నాడు. నిన్న తాగానని, తాగాక బండి వేసుకుని పోవాలని మహా అనిపించిందని, పోకుండా తాళంచెవి తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టేశానని చెబుతున్నాడు. అవతల ఉన్నది పటాలంలో అతని జోడీ అని నాకు అర్థమైంది. అంతమంది మధ్య ఏ బిడియమూ లేకుండా, ఊళ్లో వాన పడిందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నా కళ్లు కారుతుంటే మందు మంట అనుకుని నర్సమ్మ దూది ఇచ్చింది.

మాది ఎమ్మిగనూరు పక్కన మెట్ట ఊరు. వాన పడితే పత్తి, వేరుశనగ, పడకపోతే మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు వలస. మన వయసు వాళ్లకు ఆ మూటల బరువు వేరే చెప్పనక్కరలేదు. అది తప్పించుకోవడానికే నేను పటాలంలో చేరాను. నన్ను చూసి కొన్నేళ్లకు మా ఆవిడ తమ్ముడు కూడా చేరాడు. వాళ్లది హాలహర్వి దగ్గర పల్లె. భర్తీకి నేనే వెంటబెట్టుకుపోయాను. బస్సు ఎక్కేముందు మా అత్త నా చెయ్యి పట్టుకుని, “నీ చేతిలో పెడతాండాను అల్లుడా” అన్నది.

అదృష్టమో మరేమో, ఇద్దరం ఒకే పటాలంలో పడ్డాం. మంచు కొండల మీద ఉన్నప్పుడు ఒకనాడు బావమరిదికి జ్వరం వస్తే, అతని బదులు అతని స్నేహితుడైన ఒక తమిళ జవాను గస్తీకి వెళ్లాడు. మంచు జారి ఆ గస్తీ మీద పడింది. రెండు రోజులు తవ్వాం. జ్వరంతోనే వచ్చి తవ్విన బావమరిది పారకే ఆ స్నేహితుడి బూటు తగిలింది.

తరువాత మమ్మల్ని మైదానంలోని కంటోన్మెంటుకు దించారు. తుపాకీ మోత లేదు, వేళకు అన్నం, ఆడుకోవడానికి మైదానం. అయినా అక్కడే మనుషులు పాడవడం మొదలైంది. తాగి మోటారుసైకిళ్లు గాలిలా తోలడం, బజారులో తలలు పగలగొట్టుకోవడం, పొంగే కాలువలో వంతెన మీది నుంచి దూకడం. వాటన్నిటిలో ముందుండేవాడు మా బావమరిదే. రెండు చేతులూ వదిలేసి బండి నడిపేవాడు. చూసి జవాన్లు ఈలలు వేసేవారు. నేను తిట్టేవాణ్ణి, అతను నవ్వేవాడు.

అప్పుడే పెద్దసారు కొత్త శిక్షణ ఒకటి పెట్టించారు. మధ్యాహ్నం పూట రేకుల షెడ్డులో పన్నెండు మందిమి జంబుఖానా మీద గుండ్రంగా కూర్చోవాలి. చెప్పేది కెప్టెన్ హోదాలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ. కోపం వచ్చేముందు ఒంట్లో ఏమవుతుందో గమనించడం, ఊపిరి నిలకడ చేసుకోవడం, మనసులో ఉన్నది నలుగురిలో చెప్పడం నేర్పేది. ఒక్కొక్కరికి ఒక జోడీ. ప్రమాదకరమైన పని చేయాలనిపిస్తే ముందు జోడీకి చెప్పాలి, జోడీకి భయం వేస్తే తనకు చెప్పాలి, అది చాడీ కాదు, కాపలా అనేది. మేం షెడ్డు బయటికొచ్చి నవ్వుకునేవాళ్లం. నేను హవల్దారును, ఆ గుంపుకు పెద్దను. భాష ఒకటే కదా అని బావమరిదిని నాకే జోడీగా వేశారు.

మూడో వారం ఆమె బావమరిదిని వంతెన సంగతి అడిగింది. కాలువలో దూకేముందు మనసులో ఏముంటుంది అన్నది. అతను హిందీలో మొదలుపెట్టి, మాట అందక నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చాడు.

“బావా, నాకు సావాలని లేదు. దూకేటప్పుడు బతుకుతానో లేదో సూద్దామని ఉంటాది. బతికి బయటికొచ్చినానంటే, నా బదులు పోయినోడు నన్ను తిట్టుకోలేదులే అనుకుంటా. మళ్లా తెల్లారితే అది సాలదు.”

డాక్టరమ్మ నన్ను చూసి, ఏమంటున్నాడు అని అడిగింది. ఆ రెప్పపాటులో నా బుర్రలో ఎన్ని తిరిగాయో! కాగితం మీదికి ఎక్కుతుంది, తుపాకీ తీసేసుకుంటారు, ఊళ్లో సంబంధం మాట్లాడుతున్నారు, పిచ్చివాడంటే పిల్లనెవరిస్తారు, మా అత్తకు నేనేం చెప్పను.

“ఇంటి మీద బెంగగా ఉందంటున్నాడు మేడమ్. సెలవిస్తే సర్దుకుంటాడు” అన్నాను హిందీలో.

ఆ మాత్రం హిందీ అతనికి వచ్చు. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తరువాత తలవంచుకుని, “అవును మేడమ్” అన్నాడు. నన్ను కాపాడడానికే అన్నాడు.

సెలవు కూడా నేనే వెంటపడి ఇప్పించాను. వెళ్లిన పదిహేనో రోజున కబురొచ్చింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే దారిలో, పట్టపగలు, బండి మీద వస్తుంటే, మలుపు దగ్గర పత్తి లారీ. నేను ఊరికి చేరేసరికి మట్టి చేసేశారు. మలుపు దగ్గర గొర్రెలు మేపుకునే పెద్దాయన నాతో అన్నాడు: “లారీ ఎదురుగా వస్తాంటే రెండు సేతులూ పైకెత్తినాడప్పా. నన్ను సూసి ఊపుతాండాడేమో అనుకొంటి.”

అందరూ ప్రమాదమే అన్నారు. నేనూ అదే అన్నాను. మా అత్త విస్తట్లో నాకు ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుని తినేదాకా చూసింది.

తిరిగి పటాలానికి పోయి, డాక్టరమ్మ ముందు నిలబడి అతను అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది నాకు కాదు, ఆ మిగిలిన పదిమందికి చెప్పండి అన్నది. షెడ్డులో చెప్పాను. చెప్పాక, బళ్లారి వైపు నుంచి వచ్చిన కన్నడ జవాను లేచి, తనకు తెలుగు తెలుసని, ఆ రోజే అర్థమైందని, పెద్దవారు మార్చి చెబుతుంటే ఇంటి విషయమేమో అనుకుని ఊరుకున్నానని ఏడ్చేశాడు. ఆ తరువాత ఆ షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఒకడు తన బండి తాళంచెవి తీసి జంబుఖానా మీద పెట్టాడు. ఇంకొకడు తాగుడు సంగతి చెప్పాడు. ఆ పదిమందిలో ఎవరినీ మేం అట్లా పోగొట్టుకోలేదు. రిటైరయ్యేదాకా ఆ శిక్షణలో నేనూ పాఠం చెప్పాను. ప్రతి కొత్త గుంపుకూ మొదట నా తప్పే చెప్పేవాణ్ణి.

ముక్కూ ముఖం తెలియని వాళ్లకు చెప్పగలిగింది ఇంట్లో చెప్పడానికి మాత్రం ఏళ్లు పట్టింది. రిటైరై వచ్చాక ఎప్పుడో ఒక మధ్యాహ్నం, మా ఆవిడ వేరుశనక్కాయలు వొలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“తెలుగులోనే కదా సెప్పినాడు. నాకన్నా సెప్పకపోతివే” అన్నది.

తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదో రోజు అన్నానికి పిలిచింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మన తరం మగవాళ్లం లోపలిది లోపలే ఉంచుకోవడం మర్యాద అనుకున్నాం. ఇంటి పరువు కాస్తున్నాం అనుకున్నాం. ఇప్పటి పిల్లలు అట్లా లేరు, సంతోషమే. కానీ ఆ సంతోషం పక్కనే ఒక మంట కూడా ఉంటుంది. బావమరిది పోయిన ఆ రోడ్డు కూడా మారిపోయింది. వెడల్పు చేసి, వంకర తీసి, తిన్నగా వేశారు. ఆ మలుపు ఇప్పుడు లేదు. మా ఆవిడ ఎప్పుడైనా అడిగితే, బస్సు దింపి, ఇదిగో ఇక్కడే అని చూపించడానికి కూడా నాకు చోటు తెలియదు.