మంచం దిగిన అవ్వ

"నువ్వు కూసో, మేం చేస్తం" అంటారు మా ఇంట్లోవాళ్ళు. ప్రేమే, కాదనను. కానీ ఆ మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ భయమే.

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలం. నల్లగొండ జిల్లాలో మా అత్తగారి ఊళ్ళో నేను కొత్త కోడలిని, కడుపుతో ఉన్నాను. చిట్యాల వైపు బాట మీద దుమ్ము లేచిందంటే లారీల్లో రజాకార్లు ఊరి మీద పడుతున్నట్టే. బురుజు మీద డప్పు మోగేది. ఊరంతా గుట్టెక్కి బండల వెనక దాక్కునేది. దొరికినవాళ్ళను ఏం చేశారో పక్క ఊరినుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చెప్పారు.

మా మామ తల్లిని అందరం అవ్వ అనేవాళ్ళం. ఎనభై దాటిన మనిషి. ముసలివాళ్ళను కాలు కింద పెట్టనివ్వకపోతేనే మా వైపు కోడళ్ళకు మంచిపేరు. ఆ పేరంటే మా అత్తకు ప్రాణం. జొన్న గటక, నీళ్ళ చెంబు, పండ్లపుల్ల అన్నీ మంచం దగ్గరికే వచ్చేవి. అట్లా సేవ చేసి చేసి అవ్వ కాళ్ళను జొన్నచొప్ప చేసిపెట్టాం.

మొదటిసారి డప్పు మోగినప్పుడు అవ్వ లేవలేకపోయింది. మామ ఆమెను వీపున వేసుకుని గుట్ట ఎక్కుతూ మధ్యలో మోకాళ్ళ మీద పడ్డాడు. లారీలు అప్పటికే ఊరి మొదట్లో ఉన్నాయి. ఎట్లాగో బండ చాటుకు చేరాం. కొడుకు రొప్పుతుంటే అవ్వ అతని ముఖం చూసింది.

"ఈపారి నన్ను ఇడిసిపెట్టి పోండ్రి కొడుకా."

ఎవరూ కాదనలేదు. లారీల కంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు అవ్వ మంచం మీదికి గటక తేవద్దంది. నడింట్లో గుంజ పట్టుకుని లేచేది, కూర్చునేది, మళ్ళీ లేచేది. కాళ్ళు వణికి కూలబడేది. అత్త తల కొట్టుకుంది.

"ఊరోళ్ళు సూస్తే ఏమంటరత్తా? ముసల్దాన్ని తిప్పలవెడుతున్నరంటరు."

"అననియ్యి. నీ మంచిపేరు నన్ను గుట్ట ఎక్కిస్తదా?"

కొన్నాళ్ళకు గుంజ వదిలేసి రోకలి అందుకుంది. నిలబడి నాతోపాటు పోటు వేసేది. పొద్దున వాకిలి దాటి గుట్ట మొదటి బండ దాకా నడిచేది. ఎక్కడ పడుతుందోనని నేను వెంటే ఉండేదాన్ని.

వానలు పడ్డాయి. ఒకనాడు అందరూ చేలో కలుపుకు పోయారు. ఇంట్లో అవ్వ, నేను. తడిసిన బాట మీద దుమ్ము లేవలేదు, లారీ మోత వినబడేసరికే డప్పు మోగింది. అవ్వ మంచం పక్కనే కూలబడ్డాను.

"నాతోటి కాదవ్వా," అని ఏడ్చాను.

అవ్వ నా రెక్క పట్టి గుంజింది. "కూసుంటే సస్తవ్ బిడ్డా. నీ కడుపుల దాన్ని సూసి లెవ్వు!"

లేచాను. ముందు అవ్వ, ఆమె కొంగు పట్టుకుని వెనక నేను. తడి బండల మీద చేతులు ఆనించి ఒక్కో కాలూ ఎత్తి పెడుతూ ఎక్కింది. వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. బండ చాటుకు చేరి కిందికి చూస్తే మా ఇంటి కప్పు అంటుకుంటోంది. సాయంత్రం దిగి వచ్చాక చూస్తే నేను కూలబడ్డ చోట మంచం కోళ్ళు బొగ్గయి ఉన్నాయి.

నాకిప్పుడు అవ్వ వయసు దాటింది. రోజూ తలుపు చెక్క పట్టుకుని లేస్తాను, కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. నాతో ఉండే నా పెద్దబిడ్డ, తల నెరిసిన మనిషి, వంటింట్లోంచి అరుస్తుంది.

"కూసో అమ్మా, పడ్తవ్!"

ఆ రోజు నేను కూర్చునే ఉంటే, ఇట్లా అరవడానికి అది పుట్టి ఉండేది కాదు.