మా నాయనమ్మ దీపం పెట్టే వేళకి జపాను పాట

మా చిన్నప్పుడు... విశాఖపట్నం పోర్టు క్వార్టర్సులో తెల్లారితే మా ఇంట్లో జపాను పాట వినిపించేది.

నాన్న పోర్టులో గుమస్తా. ఇనుప ఖనిజం కోసం జపాను ఓడలు వచ్చేవి. ఆ దుమ్ముకి దండెం మీద ఆరేసిన పంచెలు సాయంత్రానికి ఎర్రబడిపోయేవి... ఓసారి ఓడలో ఇంజను పని చూసే జపాను పెద్దాయనకి జ్వరమొస్తే నాన్న ఇంటి నుంచి మిరియాల చారు పట్టుకెళ్లి ఇచ్చారు. ఓడ బయల్దేరే ముందు ఆయన ఒక క్యాసెట్టు నాన్న చేతిలో పెట్టారు.

అందులో ఒకావిడ గొంతు... చరణం చివర సన్నగా వణికి, అక్కడే నిలిచిపోయేది. ఒక్క మాటా మాకు తెలీదు.

మా నాయనమ్మ సినిమా పాట వినబడితే రేడియో కట్టేసే మనిషి. అలాంటిది, దేవుడి గూటి ముందు కళ్లు మూసుకుని ఆ పాటంతా వింది. "ఇంత ఆర్తి దేవుడి కోసం కాకపోతే ఇంకెవరి కోసమే?" అంది. మర్నాటి నుంచి దీపం వెలిగించే వేళకి ఆ క్యాసెట్టే. తాతయ్య పోయాక ఆవిడ మొహం తేటగా కనిపించేది ఆ కాసేపే...

నాన్నకి మాత్రం లోపల బెంగ. ఆ పాటేమిటో పెద్దాయన ఓడ మీదే చెప్పారట. రేవు పక్క కల్లుకొట్టు లాంటి చోట పనిచేసే ఒక పిల్ల, ఓడెక్కి వెళ్లినవాడి కోసం ఎదురుచూస్తూ పాడే పాట. "తెలిస్తే అమ్మ తట్టుకోలేదు. ఉన్న ఆ కాస్త ఊరటా పోతుంది" అని అమ్మతో గుసగుసగా అనేవారు.

కొన్నాళ్లకి ఆ ఓడ మళ్లీ వచ్చింది. పెద్దాయన మా ఇంటికి భోజనానికొచ్చారు. వడ్డన కాగానే నాయనమ్మ, "ఆ పాట ఏ దేవుడి మీదో అడగరా" అంది.

నాన్న నీళ్లు నమిలారు. "తర్వాత అడుగుదాంలే అమ్మా, పప్పు చల్లారిపోతుంది."

"పప్పు సంగతి నాకొదిలేయ్. నువ్వడుగు."

నాన్న తప్పక అడిగారు. పెద్దాయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. గ్లాసులో పోస్తున్నట్టు చెయ్యి వంచారు... నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి దూరంగా సముద్రం కేసి చూసినట్టు చూశారు. నాయనమ్మకి ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.

మేమంతా తలొంచుకున్నాం.

"వచ్చాడా మరి?" అంది నాయనమ్మ.

"ఎవరమ్మా?" అన్నారు నాన్న.

"ఆ పిల్ల ఎదురుచూసినవాడు."

పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

నాయనమ్మ నేతి గిన్నె అందుకుంది. ఆయన విస్తట్లో ఇంకాస్త నెయ్యి వేసి, "అయితే పాట మానకండి. ఆ పిల్ల కోసం కూడా దణ్ణం పెట్టుకుంటాను. పాపం, వాడు రావాలి కదా" అంది.

ఆ మర్నాటి నుంచి మా అందరి పేర్లూ అయ్యాక "ఆ రేవులో పిల్లని చల్లగా చూడు తండ్రీ" అని ఒక మాట కలిసేది... ఆవిడ ఉన్నన్నాళ్లూ.

మొన్న ఇక్కడ, డబ్లిన్‌లో మా వంటింట్లో, గిన్నెలు ప్రెస్‌లో (ఇక్కడ అలమరని అలాగే అంటారు) సర్దుతూ ఆ రాగమే తీస్తున్నాను. మా అమ్మాయి తన ఫోను నా నోటి దగ్గర పెట్టి, ఆ పాటేదో అందులో వెతికింది. "గాట్ హర్, మామ్. షీ ఈజ్ డెడ్ ఇయర్స్" అంది మెల్లిగా. పాడినావిడ దొరికింది, కానీ పోయి చాలా ఏళ్లయిందట.

ఆ గొంతుకి ఇన్నేళ్లకి ఒక మొహం కనిపించింది. యుద్ధంలో కాలిపోయిన ఊళ్లలో, చిన్నపిల్లగా ఉన్నప్పుడే నిలబడి పాడారట. జబ్బుతో మంచం పట్టి లేచి మళ్లీ పాడారట. దాదాపు నా ఈడుకే వెళ్లిపోయారట. అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పాట వస్తే చేతిలో పని ఆపేస్తారట. తన పాటలో పిల్ల కోసం ఇంత దూరాన ఒక ముసలావిడ రోజూ మొక్కుకునేదని ఆ పాడినావిడకి తెలిసే దారే లేదు...

ఇప్పుడు పాట పూర్తయ్యేలోపే దాని అర్థం ఫోన్లో వచ్చేస్తుంది. మాకు అప్పట్లో ఒక పాట అర్థం తెలియాలంటే ఓడ రావాలి. ఆ ఓడ వచ్చేదాకా... ఎవరికి తోచిన అర్థంతో వాళ్లం వినేవాళ్లం.

మాట తెలియకుండానే మీ ఇంటిల్లిపాదీ ప్రేమించిన పాట ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి, వినాలనుంది...