ఇర్ఫానా అంకె పెట్టిన చోటు

అనంతపురంలో బోరు మోటర్లకు స్టార్టర్ పెట్టెలు తయారుచేసే చిన్న షెడ్డులో ప్రోగ్రాం రాసేది ఇర్ఫానా ఒక్కతే. బోరులో నీళ్లు అయిపోతే మోటరు తీసుకునే కరెంటు తగ్గుతుంది. మామూలులో ఎంత శాతానికి తగ్గితే మోటరును ఆపాలో చెప్పే అంకెను ఆమె చిప్పు మెమరీలో ఒకే చోట, స్వయంగా అడ్రసు రాసి పెట్టింది. కరెంటు పోయి వచ్చినా అది చెరిగిపోదు. నాలుగేళ్లు ఏ గొడవా రాలేదు.

ఉగాది తర్వాత కర్ణాటక అంచునున్న గుమ్మఘట్ట రైతులు పెట్టె నుంచి సెల్లుకు వచ్చే మెసేజీలు కన్నడంలోనూ కావాలన్నారు. ఇర్ఫానా చేర్చింది. ప్రోగ్రాం పెరిగింది. మెమరీలో ఏది ఎక్కడుండాలో సర్దిపెట్టే లింకరు అనే సాఫ్ట్‌వేరుకు, ఆ ఒక్క చోటూ ఖాళీగా వదలమని ఆమె ఏనాడూ చెప్పి ఉండలేదు. అది కన్నడ అక్షరాలను తెచ్చి సరిగ్గా ఆ అడ్రసు మీదే పరిచింది. మెసేజీలు వస్తున్నాయో లేదో చూసింది గానీ, మోటరు ఆగుతుందో లేదో ఆమె మళ్లీ చూడలేదు.

కొత్త పెట్టెల్లో ఒకటి శింగనమల దగ్గర ఓబుళేసు చీనీ (బత్తాయి) తోటకు పోయింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన బోరులో నీళ్లు అడుగంటాయి. మోటరు ఆగలేదు. తిరిగి తిరిగి కాలిపోయింది. పైకి లాగబోతే ఏడువందల అడుగుల లోతున ఇరుక్కుంది; ఆ బోరు ఇక పనికిరాదు.

పెట్టెను తెప్పించి చూస్తే, అంకె ఉండాల్సిన చోట అక్షరం ముక్క ఉంది. పెట్టె దాన్ని పన్నెండు శాతంగా చదువుకుంది. ఏ మోటరూ అంత తక్కువకు దిగదు.

"వోల్టేజీ వల్ల కాలిందని చెప్పు బేటీ. ఇంకా పదకొండు పెట్టెలు బయట ఉండాయి," అన్నాడు యజమాని అజ్మతుల్లా.

ఆమె తప్పు దిద్ది, ఊరూరా బస్సుల్లో తిరిగి పదకొండింటినీ మార్చింది. చివరికి శింగనమల పోయింది.

"నీళ్లే పోయినాయి పాపా. నీ పెట్టె ఏం చేస్తాది?" అన్నాడు ఓబుళేసు.

"నీళ్లు పోతే పెట్టె మోటరును ఆపల్ల కదన్నా. నేను తప్పు రాసినా."

"సరిచేసినావా?"

"చేసినానన్నా."

"అయితే మోటరు పైకొస్తాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

పక్క తోట బయ్యన్న వారానికొక తడి నీళ్లు ఇస్తానన్నాడట. అది సగం చెట్లకే చాలుతుంది. ఓబుళేసు సున్నం డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చి తోటలోకి నడిచాడు. నీళ్లు పెట్టకుండా వదిలెయ్యాల్సిన ప్రతి చెట్టు మొదలుకూ ఆయన గీత పెడుతుంటే, ఇర్ఫానా డబ్బా పట్టుకుని వెంట నడిచింది.