లింగంపల్లిలో మల్లయ్య ముందు పెట్టిన కల్లుముంత

మా ఇంట్లో అందరూ నేనెవరినో ప్రేమించాననే అనుకుంటున్నారు. ఎమ్మే అయిన పిల్ల, జీతం లేకుండా, తాగుడు మాన్పించే వార్డుకు రోజూ ఎందుకు పోతుంది? అక్కడ డాక్టరెవరో ఉండే ఉంటాడని అమ్మ తేల్చేసింది. "ఏ ఊరివాళ్ళే? మనవాళ్ళేనా?" అని గొంతు తగ్గించి అడుగుతుంది. నాన్నగారు అదీ అడగరు, పేపరు మడిచి నిట్టూరుస్తారు. ఆ డాక్టరుగారికి అరవై దాటాయి. తాగేవాళ్ళతో మాట్లాడడం నాకిష్టమంటే ఎవరూ నమ్మరు. నిజం చెప్పాలంటే, ఇష్టమో కాదో నాకూ తెలియదు. ఈలోగా అక్కడే కౌన్సెలర్‌గా ఉద్యోగమిస్తాం, సోమవారం ఏ సంగతో చెప్పమన్నారు. "ముందు మన దగ్గర నయమై వెళ్ళినవాడి ఇల్లు ఒకటి చూసి రామ్మా" అన్నారు డాక్టరుగారు. అలా ఆదివారం పొద్దున్నే నాంపల్లిలో ప్యాసింజరెక్కాను.

టికెట్టు రూపాయి లోపే. ఆడవాళ్ళ పెట్టెలో కూరగాయల గంపల మధ్య చోటు దొరికింది. సనత్‌నగర్ దాటాక ఇళ్ళు పలచబడి బండరాళ్ళు మొదలయ్యాయి. గంటకు కాస్త పైనే పట్టింది. లింగంపల్లిలో దిగి రిక్షా అతన్ని మల్లయ్య ఇల్లడిగాను.

"ఏ మల్లయ్య? రాళ్ళు కొట్టేటోడా, తాగుబోతోడా?"

"రాళ్ళు కొట్టే ఆయనండి."

"ఇద్దరు ఒక్కడే తీయ్. కూసో."

మల్లయ్య మా వార్డులో చేరి తాగుడు మానేసి రెండు నెలలు. వాకిట్లో చాప పరిచి ఉంది. ఆ రోజే కూతురు సత్తెమ్మ సంబంధం ఖాయం చేసుకోవడానికి మదీనాగూడ నుంచి పిల్లాడి తండ్రి వచ్చాడట. మధ్యలో నురగతో కల్లుముంత. ఇద్దరు తండ్రులూ కలిసి తాగితేనే ఇక్కడ మాట ఖాయమైనట్టు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మల్లయ్య భార్య ఎల్లమ్మ నన్ను ఇంటి వెనక్కి లాక్కెళ్ళింది. అక్కడ ఆమె తమ్ముడు కట్టెలు కొడుతున్నాడు. "నీ మాటైతే ఇంటడమ్మా. ఒక్క గుక్క తాగుమని చెప్పు. నా బిడ్డ బతుకు."

ఒక్క గుక్క కూడా వద్దని వార్డులో చెప్పేది మేమే. ఏమనాలో తోచక, "మీ తమ్ముడు తాగితే సరిపోదా?" అన్నాను. ఆమె నమ్మి తమ్ముణ్ణి పంపింది. అతను ముంత ఎత్తాడో లేదో పిల్లాడి తండ్రి గయ్యిమన్నాడు. "తండ్రి కూసోని ఉండంగ మేనమామ తాగుడేంది? మల్లయ్య సచ్చిండా?"

నా ముఖం మాడిపోయింది. మల్లయ్య, బావమరిది చేతిలోంచి ముంత తీసుకుని చాప మీద పెట్టాడు. పిల్లాడి తండ్రి వైపు తిరిగాడు.

"బావా, ఒక్క గుక్క పడితే నేను ఆగలేను. గప్పుడు నీ కోడలే వచ్చి నన్ను మురికి మోరీలకెల్లి లేపాలె. తాగకుండ గిట్లనే ఒప్పుకుంటవా?"

"ఇంట్ల మాట్లాడి చెప్తం" అంటూ ఆయన లేచిపోయాడు. తలుపు వెనక సత్తెమ్మ ఏడుపు వినిపించింది.

ఎల్లమ్మ నావైపు తిరిగింది. "నీకేందమ్మా, రైలెక్కి పోతవ్. రేపు ఈ ఇంట్ల ఉండేది మేము."

వెళ్దామని చెప్పులు వేసుకుంటుంటే మల్లయ్య పిలిచాడు. "జర కూసో మేడం. ఇయ్యాల పొద్దు గూకేదాక కూసో. లేకుంటే కాళ్ళు కల్లు కాంపౌండు దిక్కే పోతయి."

కూర్చున్నాను. వియ్యంకుడి మీసాల మీద అతను జోకులేశాడు. ఎల్లమ్మ కోపంగానే నాకూ జొన్నరొట్టె పెట్టింది.

మల్లయ్య గెలిచాడా, సత్తెమ్మ ఓడిందా? నేను చేసింది సాయమా, చెరుపా? రైల్లో ఎంత ఆలోచించినా ఒక కొలిక్కి రాలేదు. వార్డులో తాగకపోవడం ఒక్కటే లెక్క. ఆ వాకిట్లో దానికి ఇంకొకరి బతుకు ముడిపడి ఉంది. ఏ పాఠంలోనూ ఇది లేదు. కానీ అతను కూర్చోమన్నప్పుడు, అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండాలనిపించలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. లింగంపల్లిలో దిగగానే తిరుగు రైలు ఎప్పుడో స్టేషన్లోనే అడిగి పెట్టుకోండి. తప్పిపోతే బొంబాయి రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుకోవాలి.

సోమవారం ఆ ఉద్యోగం ఒప్పుకుంటున్నాను. ఆదివారాలు లింగంపల్లిలో, మల్లయ్య వాకిట్లో ఉంటాను.