వస్తుండు, ఇప్పుడే చూసిన

మా బండి టూర్లకు ఒక్కటే నియమం. ముందు పోయేవాడు వెనక వచ్చేవాణ్ణి కనిపెట్టుకొని ఉండాలి. మలుపు తిరిగాక వెనకవాడు కనబడకపోతే ఆగాలి. హెల్మెట్ల గురించి, స్పీడు గురించి మాకు పెద్ద సిద్ధాంతాలేమీ లేవు కానీ, నారాయణఖేడ్ దాటిన ప్రతిసారీ ఈ ఒక్కటి మాత్రం నేనే పెద్దమనిషిలా గుర్తుచేసేవాణ్ణి. నా బండికి అద్దాలు లేవు. రెండూ నేనే విప్పి సజ్జ మీద పడేశాను. అద్దాలుంటే ముసలోళ్ల బండిలా ఉంటుందని మా ఊరి కుర్రాళ్లందరికీ గట్టి నమ్మకం. ఆ నియమం, ఈ నమ్మకం ఒకే బుర్రలో కొట్లాట లేకుండా ఎలా కాపురం చేశాయో నాకు ఇప్పటికీ తెలియదు.

మేం ముగ్గురం. ఒకడికి బస్ డిపో ఎదురుగా మొబైల్ రిపేరు దుకాణం ఉంది. దారులన్నీ తెలిసినవాడు కాబట్టి ఎప్పుడూ ముందు వాడే. మధ్యలో నేను. చివరివాణ్ణి మేం అప్పటికే కానిస్టేబుల్ అని పిలిచేవాళ్లం. రాత పరీక్ష గట్టెక్కాడు, పరుగు పరీక్ష పది రోజుల్లో ఉంది. ఏడాదిగా తెల్లవారకముందే కాలేజీ గ్రౌండులో పరిగెత్తుతున్నాడు. నేను పక్కనే బండి మీద కూర్చొని, "నువ్వు పట్టుకునేలోపల దొంగకు పెండ్లయి ఇద్దరు పిల్లలు పుడతరు" అని ప్రోత్సహించేవాణ్ణి. వాళ్ల నాన్న హైదరాబాద్‌లో బిల్డింగులకు సెంట్రింగు పని చేస్తూ నెలకోసారి ఇంటికొస్తాడు. కొడుకు ఖాకీ వేసుకున్న రోజున ఆయన ఆ పని మానేసి ఊరికి వచ్చేయాలని ఇంట్లో అనుకున్నారు.

అనంతగిరి కొండలకు రెండు రోజుల టూరంటే వాడు రానన్నాడు.

"పది దినాలల్ల పరుగుందిరా. కాలుకేమన్న అయితే?"

"బండి మీద కూసుంటే కాలుకేమైతదిరా? పాపం, అది గూడ జర రెస్టు తీస్కుంటది" అన్నాను.

మొబైల్ షాపువాడు పడీపడీ నవ్వాడు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు. నవ్వాక రానని చెప్పడం కష్టం. నా జోకులతో వచ్చిన ఇబ్బంది అదే.

శనివారం చీకటితోనే బయలుదేరాం. జహీరాబాద్‌లో టిఫిన్ చేశాం. ఆ తర్వాత ముసురు పట్టుకుంది. పత్తి చేలు, కంది చేలు అయిపోయి, నేల ఎర్రబడి, దారి అడవిలోకి ఎక్కడం మొదలుపెట్టింది. మా వైపు ఎత్తు అంటే స్పీడ్ బ్రేకరే. ఆ పచ్చదనం, చెట్ల మధ్య పాకుతున్న మంచు చూసి మొబైల్ షాపువాడు "యార్, జన్నత్!" అని అరిచాడు. నేను "స్వర్గంల గిన్ని కోతులుంటయా?" అన్నాను.

ఘాట్ రోడ్డు మొదట్లో కానిస్టేబుల్ బండి ఆపాడు. "రోడ్డు తడిగుందిరా. నేను మెల్లగొస్త. మీరు జర చూసుకుంట పోర్రి."

"సరే సార్" అని సెల్యూట్ కొట్టాను.

రెండు మలుపుల వరకూ మెడ తిప్పి చూశాను. వాడు వస్తున్నాడు. మూడో మలుపులో బండి అంత ఒంగి కూడా పడకపోయేసరికి నా మీద నాకు గౌరవం పెరిగిపోయింది. ఆ తర్వాత వెనక్కి చూసిన గుర్తు లేదు.

పైన ఒక తాత బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తున్నాడు. మొబైల్ షాపువాడు అప్పటికే ఒకటి కొరుకుతున్నాడు.

"కానిస్టేబుల్ ఏడిరా?"

చూడలేదని చెప్పొచ్చు. ఒక్క మాట. కానీ చెబితే నియమం తప్పినవాణ్ణి నేనవుతాను. అందుకని, "వస్తుండు, ఇప్పుడే చూసిన" అన్నాను. అని, నిమ్మకాయా ఉప్పూ కారం బాగా రుద్దించుకొని కంకి తిన్నాను. కోతులకు ఫోటోలు తీశాను. "పరుగు కంటే మెల్లగ తోల్తుండు వీడు, దొంగలు ఇగ బేఫికర్‌గ పండుకోవచ్చు" అని ఒక జోకు కూడా వేశాను. పదిహేను నిమిషాలో, ఇరవయ్యో.

మొబైల్ షాపువాడు నవ్వుతూ నవ్వుతూ నా బండి వైపు చూసి ఆగిపోయాడు.

"అరే, నీ బండికి అద్దాలే లెవ్వు గదరా. ఎట్ల చూసినవ్?"

నేను కంకి మీదికి తల దించాను. వాడు కంకి కింద పడేసి బండి స్టార్ట్ చేశాడు.

నాలుగో మలుపులో దొరికాడు కానిస్టేబుల్. ఇసుక మీద జారి, బండి కాలి మీద పడిందట. చాలాసేపు దాని కిందే ఉన్నాడు. అటుగా వచ్చిన ఆటోవాళ్లు లేపి పక్కన రాయి మీద కూర్చోబెట్టారు. "అరిచిన, ఫోన్‌కు సిగ్నల్ లేదు" అన్నాడు. మడమ పైన కాలు సొరకాయంత ఉబ్బింది. నా ముఖం వైపు చూశాడు. "మూతికి కారం ఉంది, తుడ్చుకో" అన్నాడు.

వికారాబాద్ దవాఖానలో ఎముక విరిగిందని చెప్పి కట్టు వేశారు. పరుగు సంగతి అడిగితే డాక్టరు తల కూడా ఎత్తలేదు. "ముందు నడవనీయండి" అన్నాడు. వాడి బండి, నా బండి అక్కడే ఒక మెకానిక్ దగ్గర వదిలేశాం. మొబైల్ షాపువాడు తన బండి మీద ఒక్కడే తిరిగొచ్చాడు, కానిస్టేబుల్‌కు మాత్రం చెప్పి. నేనూ కానిస్టేబులూ రెండు బస్సులు మారాం. దారంతా వాడి కాలు నా ఒళ్లోనే ఉంది.

ఇంటి దగ్గర వాళ్లమ్మ ఏడుస్తూ ఎలా జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వాడే చెప్పాడు. "నేనే ఫోటో దిగనీకి ఆగిన, వీళ్లను పొమ్మన్న. వీడే ఉరికొచ్చి దవాఖానకు తీస్కపోయిండు."

నేను అవునన్నట్టు తలూపాను. చిన్న ఊపే. బయట ఎవరైనా చూస్తే వినయం అనుకుంటారు.

ఆ ఆదివారం కొండ మీద ఉంటాం కాబట్టి ప్రార్థన తప్పుతుందని లోలోపల సంతోషించాను. తప్పలేదు. పాటలు అయ్యాక, మా చర్చిలో సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఏ మేలు చేశాడో ఎవరైనా లేచి చెప్పొచ్చు. కానిస్టేబుల్ వాళ్లమ్మ లేచింది. కొంగు తల మీద సరిచేసుకుంది.

"నా కొడుకు కాలు ఇరిగింది గని, పానం దక్కింది. అడివిల నా కొడుకుకు దేవుడు తోడు పంపిండు. గా పిల్లగాడు లేకుంటే ఏమైతుండెనో." నా వైపు చెయ్యి చూపింది. అందరూ తిరిగి చూశారు, స్తోత్రం అన్నారు. పాస్టరు కూడా నవ్వుతూ తలూపాడు. మా అమ్మ గర్వంగా నా భుజం తట్టింది. నా జీవితంలో ఒక్క జోకూ తట్టని మొదటి సందర్భం అది. భూమి నోరు తెరిస్తే బాగుండనుకున్నాను గానీ, చర్చిలో ఈమధ్యే కొత్త బండలు పరిచారు.

ప్రార్థన అయ్యాక చెప్పుల దగ్గర ఆమెను ఆపాను.

"చిన్నమ్మా, నేను తోడు లేను. వాణ్ణి ఇడ్సిపెట్టి పోయిన. అడిగితే, వస్తుండు చూసిన అని చెప్పిన. చూళ్లే. వాడు బండి కింద పడున్నప్పుడు నేను కంకి తింటున్న."

ఆమె తొడుక్కోబోయిన చెప్పును వదిలేసింది.

"మరి వాడు ఫోటో అని ఎందుకు చెప్పిండు?"

"నా కోసం."

"అంటే ఇద్దరూ అబద్ధమాడిండ్రు. నేను పోయి దేవుని ముంగట దాన్ని సాక్ష్యం జెప్పిన." గొంతు పెంచలేదు. చెప్పులు తొడుక్కుంది. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. సంచీలోంచి ఫోన్ తీసి, ఏదో నొక్కి, నా చేతిలో పెట్టింది.

"వాళ్ల నాయినకు ఇంక చెప్పలే. పరుగుకు వాడు పోతలేడని నా నోటెంబడి వస్తలేదు. నువ్వే చెప్పు. అసలు సంగతి చెప్పు."

అవతల రేకుల షెడ్డు మీద వాన చప్పుడు. "హలో, ఎవరు?"

"కాకా, నేను."

"నువ్వారా!" అన్నాడాయన. అప్పుడే గొంతులో నవ్వు మొదలైంది. "ఏంది, గియ్యాల ఏం జోకు తెచ్చినవ్? మా కానిస్టేబుల్ మంచిగ ఉరుకుతుండా?"

నేను మొదటి నుంచి చెప్పాను. సగం అయ్యేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.