పుంటికూర కోసం తిరిగిన అంగళ్లు

అరవై రెండేళ్ల వయసులో నేను మొదటిసారి కూరగాయలు కొనడానికి వెళ్లాను. చెబితే నవ్వుతారుగానీ నిజం. మా ఆవిడ కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మూడు నెలలపాటు మెట్లు దిగవద్దన్నారు. అప్పటిదాకా మా ఇంట్లోకి కూర ఎక్కణ్ణుంచి వస్తుందో నేను పట్టించుకున్నవాణ్ణి కాదు. కంచంలోకి వచ్చేది, తినేవాణ్ణి.

మాది గోదావరి జిల్లా. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నగరం మధ్యలో అద్దెకుండి, రిటైరయ్యాక శంషాబాద్‌లో హైవేకి కొంచెం లోపలగా ఒక ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాం. మా వీధికి దగ్గర్లో వారానికొక రోజు అంగడి జరుగుతుంది. మా వైపు సంత అంటాం. రోడ్డుకు రెండు పక్కలా గోనెపట్టాలు పరిచి రాసులు పోస్తారు. డ్యూటీ దిగిన క్యాబ్ డ్రైవర్లు, గోదాముల్లో పనిచేసేవాళ్లు, హోటళ్ల వంటవాళ్లు, మాలాంటి అపార్ట్‌మెంట్ వాళ్లు అందరూ అక్కడే కొంటారు.

మొదటి వారం నేను తెచ్చిన బెండకాయలు చూసి మా ఆవిడ, "ఇవి కూరకా, విత్తనాలకా?" అంది.

రెండో వారం మళ్లీ బెండకాయల దగ్గరే నిలబడ్డాను. పెద్దవైతే మంచివనుకుని పెద్దవి ఏరుతున్నాను. అమ్మే ఆవిడ కాసేపు చూసింది. యాభై ఏళ్లుంటాయేమో. తలకు పచ్చ టవల్ చుట్టుకుంది.

"ఏంది సార్, గిట్ల ఏరుతున్నవ్? గవన్నీ ముదిరినయ్. కొన ఇరిచి చూడాలె." ఒక కాయ తీసి కొన విరిచింది. టక్కుమంది. "గిట్ల ఇరిగితె లేతది. వంగితె ఇడిసిపెట్టు. ఇంట్ల అక్క రాదా?"

ఆపరేషన్ సంగతి చెప్పాను. దవాఖానలో ఎన్ని రోజులుంది, ఏ కాలు, వంట ఎవరు చేస్తున్నారు, అన్నీ అడిగింది. ఆమె ముందున్న కట్టలు చూస్తూ గోంగూర ఉందా అని అడిగాను.

"లేదు సార్."

"మరి ఇదేమిటి?"

"ఇది పుంటికూర."

"మా వైపు దీన్నే గోంగూర అంటారమ్మా."

"మీ దిక్కు ఏమన్న అనుకో సార్. గిది మా చేన్ల పుట్టింది. దీని పేరు పుంటికూర."

రెండు కట్టలు తెచ్చుకున్నాను. మా ఆవిడ స్టవ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పచ్చడి చేసింది. ఆ రోజు ఆమె మామూలు కంటే ఎక్కువ అన్నం తినడం చూశాను. ఆపరేషన్ తర్వాత అన్నం మీద మనసు పోవడం లేదని అంటూ ఉండేది.

అప్పటినుంచి ప్రతివారం అదే పట్టా దగ్గరికి వెళ్లడం అలవాటైంది. ఆమెది సాతంరాయి వైపు. బెండ, చిక్కుడు, పుంటికూర, తోటకూర, ఇవే తెచ్చేది. టమాటాలు ఉన్నాయా అంటే, "నా చేన్ల లేవు. గా తాత దగ్గర తీస్కో" అని పక్కనున్న ముసలాయనను చూపించేది. పొద్దున్నే తెంపిందో నిన్న సాయంత్రం తెంపిందో అడగకుండానే చెప్పేది. నిన్నటిదైతే, "జర వాడింది, వద్దు" అని తనే ఆపేసేది. ఒకసారి గంగవాయిలు కూర, అంటే మా గంగపాయలాకు, చేతినిండా తీసి సంచీలో వేసి, "గిది అమ్మేది కాదు. అక్కకు పప్పుల ఏసి పెట్టు" అంది. ఇంటికి రాగానే ఆమె ఏమందో అంతా మా ఆవిడకు చెప్పాల్సి వచ్చేది. కూరలకంటే ముందు ఆ కబురే అడిగేది.

మూడు నెలలు పూర్తికావస్తుండగా ఒక వారం ఆమె రాలేదు. పై వారం కూడా రాలేదు. మూడో వారం ఆ ముసలాయనను అడిగాను.

"ఇగ రాదు సార్. ఆమెది కౌలు చేను. పట్టాదారు అమ్ముకున్నడు. జేసీబీలు వచ్చి సాఫ్ చేసినయ్."

"చేతికి రావలసిన పంట ఉందేమో కదా?"

"చిక్కుడు పూత మీదుండె." ఆయన టమాటాలు సర్దుతూనే చెప్పాడు. "ఏదో ఒక అంగట్ల కూసుంట అన్నది. ఏ అంగడో నాకెరుక లేదు."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ నా చేతిలోని సంచీ అందుకుని పక్కన పెట్టింది. తర్వాత, "వెతుకుదామండీ" అంది.

"కూరలమ్మే ఆవిడ కోసమా?"

"మూడు నెలలు ఆవిడ ఏరిచ్చిందే తిన్నాను. ఇంతవరకూ ఆవిడ మొహం చూడలేదు."

అలా మొదలైంది మా తిరుగుడు. డాక్టరు మెల్లగా నడవమన్నాడు కాబట్టి అదొక సాకు. కారులో ముందు సీటు వెనక్కి జరిపి, ఆమె కాలు చాపుకునేలా చేసి, ఒక వారం చేవెళ్ల, ఒక వారం మహేశ్వరం, మరో వారం కొత్తూరు, షాద్‌నగర్ దాకా వెళ్లాం. ఏ ఊళ్లో ఏ రోజు అంగడో ముందు కనుక్కునేవాళ్లం. ఒకసారి తప్పు చెబితే వెళ్లి ఖాళీ మైదానం చూసి వచ్చాం. ఎక్కడికి వెళ్లినా మా ఆవిడ చేతికర్ర చూడగానే ఎవరో ఒకరు స్టూలో, బోర్లించిన డబ్బానో ముందుకు తోసేవారు. ఆమె కూర్చునేది. నేను వరసలన్నీ తిరిగేవాణ్ణి.

"ఎవరు సార్? పేరేంది?" అని అడిగేవారు.

అప్పుడు తెలిసింది, నాకు ఆమె పేరు తెలియదని. మూడు నెలలు ప్రతివారం మాట్లాడాను. మా ఆవిడ ఏ మాత్రలు వేసుకుంటుందో ఆమెకు తెలుసు. ఆమె పేరు నేను అడగలేదు. "సాతంరాయి నుంచి పుంటికూర తెచ్చేవారు, తలకు పచ్చ టవల్" అని చెప్పేవాణ్ణి. చేవెళ్లలో ఒకామె పగలబడి నవ్వింది. "పుంటికూర అమ్మేటోళ్లు అంగడికి పదిమంది ఉంటరు సార్. పచ్చ టవల్ నాకు గూడ ఉన్నది."

ఆ తిరుగుడులో నాకొక తెలివి వచ్చిందనుకున్నాను. తన చేను కూర తెచ్చినవాళ్లెవరో, మార్కెట్‌లో కొని తెచ్చి అమ్మేవాళ్లెవరో దూరం నుంచే చెప్పగలిగేవాణ్ణి. సొంత చేను వాళ్ల దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి. కాయలు ఒక సైజులో ఉండవు. గోళ్లలో మట్టి ఉంటుంది. కొని తెచ్చేవాళ్ల దగ్గర అన్నీ ఉంటాయి, కడిగి మెరుస్తుంటాయి. ఈ రెండో రకం వాళ్ల ముందు ఆగకుండా వెళ్లిపోయేవాణ్ణి. వాళ్లు పిలిచినా తిరిగి చూసేవాణ్ణి కాదు. ఏదో పరీక్ష పాసైనవాడిలా ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్‌లో నలుగురికీ ఈ తేడా వివరించేవాణ్ణి కూడా.

ఆమె దొరికింది ఏ అంగట్లోనూ కాదు. బుద్వేల్‌లో మా బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లి తిరిగి వస్తుండగా, రోడ్డు పక్కన తోపుడుబళ్ల వరస కనిపించింది. నిమ్మకాయల కోసం కారు ఆపి దిగాను. నాలుగు బళ్లు దాటుకుని వెళ్లి నిమ్మకాయలు తీసుకుని వచ్చాను.

కారులోంచి మా ఆవిడ, "ఏవండీ, ఆ రెండో బండి దగ్గర పచ్చ టవల్" అంది.

"ఆవిడ కాదు. దాని మీద కాలీఫ్లవర్, క్యాప్సికం, అన్నీ ఉన్నాయి."

"మొహం చూశారా?"

చూడలేదు. బండి చూసి ముందుకు వెళ్లిపోయాను. వెనక్కి వెళ్లి చూస్తే ఆమే. ఆమె మాత్రం నేను వెళ్లేటప్పుడే నన్ను చూసినట్టుంది. తల దించుకుని కాలీఫ్లవర్ల మీద నీళ్లు చల్లుతోంది.

"మీ కోసం ఊళ్లన్నీ తిరిగామమ్మా" అన్నాను.

"నాకోసమా? ఎందుకు సార్?"

"కూర కావాలి" అన్నాను.

"నా దగ్గర నీకిచ్చేది ఏం లేదు సార్."

"బండి నిండా ఉందిగా?"

"ఇది నాది కాదు. తెల్లారగట్ల మార్కెట్ల కొనుక్కొచ్చిన మాల్. ఎప్పుడు తెంపిన్రో, ఏం మందు కొట్టిన్రో నాకెరుకనా? మంది వస్తరు, అమ్ముత. నీకెట్ల అమ్ముత? నా చేన్లదని నమ్మి తిన్నరు మీరు."

గొంతు తగ్గించి చెప్పింది, పక్క బండివాళ్లు వినకుండా. నేను నిమ్మకాయల సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో మా ఆవిడ కారు దిగి, చేతికర్ర ఆనించుకుంటూ మెల్లగా వచ్చింది.

"నేనమ్మా, మోకాలు ఆపరేషన్ అయినదాన్ని."

"అక్కా! నడుస్తున్నవా?" ఆమె బండి వదిలేసి ఇటువైపు వచ్చేసింది. వంగి మోకాలు పట్టి చూసింది. "మెట్లు దిగుతున్నవా? దిగేటప్పుడు నొస్తదా?" ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి కూర్చోబెట్టింది. ఇద్దరూ చాలా ఏళ్లుగా ఎరిగున్నవాళ్లలా మాట్లాడుకున్నారు. మా ఆవిడ మొదట అడిగింది ఆమె పేరు. ఆమె చెప్పింది, తిరిగి ఈమె పేరు అడిగింది.

ఆ తర్వాత మా ఆవిడ, "ఇవాళ మా ఇంట్లో కూర లేదు. మీరు ఇవ్వకపోతే ఇంకో బండి దగ్గర కొనుక్కోవాలి. మీరైతే మంచివి ఏరి ఇస్తారుగా" అంది.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత తన బండినే పరాయివాళ్ల బండిలా ఏరడం మొదలుపెట్టింది. పట్టుకున్నవాటిలో సగం పక్కన పడేసింది. సంచీ చేతికిస్తూ, "నాది అని చెప్ప. మంచిగున్నయ్ అని చెప్త, గంతే" అంది.

ఇంటికి వస్తున్నంతసేపూ నా మనసు బాగాలేదు. ఇన్ని వారాలు ఎంతమందిని అలా దాటేసి వెళ్లానో గుర్తొచ్చింది. వాళ్లలో ఎంతమందికి నిరుడు చేను ఉండేదో నేను అడిగానా? నాకు ఏదో ఒకటి చేయాలనిపించింది. శంషాబాద్ అవతల ఒక వెంచర్‌లో మాకు చిన్న ప్లాటు ఉంది. ఆఫీసులో నలుగురు కొంటుంటే చాలా ఏళ్ల కింద కొన్నది. పిచ్చిమొక్కలు తప్ప అందులో ఏమీ లేదు. ఆమె అక్కడ ఆకుకూరలు వేసుకోవచ్చు కదా అనుకున్నాను. ఈ ఆలోచన వచ్చినందుకు లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒక ఉదయం ఇద్దరినీ కారులో తీసుకెళ్లాను. ఆమె దిగి, ప్లాటు ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. ఎక్కువసేపు పట్టలేదు.

"నీళ్లేవి సార్?"

"ట్యాంకర్ తెప్పిద్దాం."

"పుంటికూరకు ట్యాంకరా!" అని గట్టిగా నవ్వింది. నవ్వు ఆపుకుని, "గీ జాగ ఎవరిదో ఎరుకేనా నీకు?" అంది.

"వెంచర్ వాళ్ల దగ్గర కొన్నాం."

"వాళ్లకు ముందు?"

నాకు తెలియదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ఉంటుంది, నేను చదవలేదు.

"మా చిన్నత్తోళ్లది. జొన్న ఏసేటోళ్లు. గట్టెంబడి కంది. గా కరెంటు స్తంభం కాడ రేగుచెట్టుండె, పెండ్లయిన కొత్తల కోతకు వచ్చి తిన్న." ఏ ఫిర్యాదూ లేకుండా చెప్పింది, వీధిలో ఏ ఇల్లు ఎవరిదో చెప్పినట్టు. కాలి వేలితో నేల గీరింది. "పైన మొరం పోసిన్రు. కిందికి పోతె ఎర్రమన్ను ఉంటది, మంచిది. గని సార్, నా బతుకుదెరువుకు ఇది యాడ సరిపోతది? నా చేన్ల మూడు మడులంత లేదు. మీరే ఏసుకోండ్రి. మీ ఇద్దరికి సరిపోతది."

కొంగుముడి విప్పి పుంటికూర విత్తనాలు సగం మా ఆవిడ చేతిలో పోసింది. మిగతా సగం మళ్లీ ముడివేసుకుంది. "చేను దొర్కుతె నాకు గూడ కావాలె గద" అంది.

ఆ వానాకాలం మేం మొరం తీయించి చల్లాం. సగం మేకలు మేశాయి. మిగిలింది తెంపి ఒక కట్ట ఆమెకు ఇచ్చాం. ఆమె దాన్ని బండిమీద పెట్టలేదు. ఇంటికి తీసుకెళ్లి వండుకుంది. ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పనిచేసే కోడలు రెండు రోజులు టిఫిన్‌లో అదే పట్టుకెళ్లిందట.

ఈ ఏడు ఆమెకు కొత్తూరు దాటాక, తమ్ముడి ఊరి దగ్గర అరెకరం కౌలుకు దొరికింది. బండి మాత్రం మానలేదు. ఒక పక్క చేనుది, ఒక పక్క మార్కెట్‌ది పెట్టుకుని, ఏది ఏదో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంది. చేనుది ముందు అయిపోతుంది. ఆలస్యంగా వెళితే మేం కూడా మార్కెట్‌దే తెచ్చుకుంటాం.

పోయిన నెల ఆ చేను చూడటానికి రమ్మంది. దారి పొడవునా కొత్త వెంచర్ల బోర్డులే. వాటిని చూసీచూసీ ఉండబట్టలేక అడిగేశాను.

"ఈ పట్టాదారు అమ్మడని నమ్మకమేనా?"

"రెండేండ్లకు మాటిచ్చిండు సార్. రెండేండ్లు మంచిగనే ఉంటది."

"ఆ తర్వాత?"

"అన్నం చల్లారుతది, రాండ్రి" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టు మీద మెల్లగా నడిపించుకుపోయింది. నేను వాళ్ల వెనకే వెళ్లాను. చిక్కుడు పందిరి నీడలో ముగ్గురం కూర్చుని తిన్నాం. మారు వడ్డిస్తూ, నాకు కారం ఎక్కువైందేమోనని రెండుసార్లు అడిగింది.