సూరమ్మ ఎవరి తాలూకు?

అమలాపురం జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది జూన్‌లో నాకు మలికిపురం దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ అయింది. హోదా స్కూల్ అసిస్టెంట్, తెలుగు. అంటే హైస్కూలు తరగతులకు ఒకే సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయిని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. తొమ్మిదో తరగతి టైంటేబుల్లో వారానికి ఒక గ్రంథాలయ పీరియడ్ ఉండేది. అందులో పిల్లల చేత ఒక నవల పూర్తిగా చదివించాలని నా పంతం.

ప్రధానోపాధ్యాయులు సత్యనారాయణ గారు లెక్కల మనిషి. ఆ పీరియడ్ లెక్కలకి కావాలన్నారు, నేను ఇవ్వనన్నాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దసరా సెలవులకు ముందు ఆయన తరగతికి వచ్చి నవల మీద ప్రశ్నలడుగుతారు. పిల్లలు చెప్పలేకపోతే పీరియడ్ ఆయనది.

నేనెంచుకున్నది ఒక లంక గ్రామంలో మూడు తరాల కథ. పాతికమంది మనుషులు. రెండో వారానికే పిల్లలు చేతులెత్తేశారు. తాతను మనవడంటారు, కోడల్ని కూతురంటారు. పీరియడ్ పోయినట్టేనని బెంగ పట్టుకుంది.

ఆ ఆదివారం తెలిసినవాళ్లింట్లో పెళ్లికి వెళ్తే, నా క్లాసు పిల్ల దుర్గ కనిపించింది. క్లాసులో నోరు విప్పని ఘటం. భోజనాల దగ్గర ఒకావిణ్ణి చూపించి ఎవరమ్మా అన్నాను. "మా పెద్దమ్మగారి తోటికోడలి చెల్లెలండి, పి.గన్నవరంలో ఇచ్చేరు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నవల్లో పేర్లు గుర్తుండటం లేదని మొత్తుకున్నది ఈ పిల్లేనా అని నాకు ఒకటే నవ్వు.

మర్నాడు చార్టు మీద పాత్రల పేర్లన్నీ రాయించి, పెళ్లిలో అడిగినట్టే ఎవరు ఎవరి తాలూకు అని అడిగి, చుట్టరికాన్ని బట్టి గీతలు కలిపించాను. మా వృత్తిలో దీన్ని పాత్రల పటం అంటాం. ఇక చూడాలి వాళ్ల హడావిడి! మరదలి వరస ఒకటి నాకే తప్పితే ముగ్గురు లేచి దిద్దారు. దసరా దగ్గరపడేసరికి చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

అన్నట్టుగానే సత్యనారాయణ గారు వచ్చారు. అడిగినవాటికల్లా పిల్లలు టకటకా చెప్పారు. ఆయన చార్టు దగ్గరికి వెళ్లి ఒక మూల వేలు పెట్టారు.

"ఈ సూరమ్మకి ఒక్క గీతా లేదేంటి? అయితే ఈవిణ్ణి తీసేసినా కథకి నష్టం లేదన్నమాటేగా?"

సూరమ్మ ఆ నవల్లో మంత్రసాని. ఎవరికీ చుట్టం కాదు. నేను చుట్టరికమే అడిగాను కనక ఆవిడకు గీత పడలేదు. తప్పు పూర్తిగా నాది.

దుర్గ లేచి నిలబడింది. "తీసేత్తే ఎలాగండీ? వెంకటరత్నం పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడేనండి. వరదలో వాళ్ల నాయనమ్మని పడవెక్కించింది కూడా ఆవిడేనండి" అంటూ ఎర్ర స్కెచ్ పెన్ తీసుకుని రెండు గీతలు గీసేసింది. దాంతో మిగతావాళ్లూ చార్టు మీద పడ్డారు. సూరమ్మకు ఏడు గీతలు వచ్చాయి. కథానాయకుడు వెంకటరత్నానికే అన్ని లేవు.

"మరి దస్తావేజు దాచింది ఎవరనుకున్నారు? ఆ గీతేదీ?" అన్నారు సత్యనారాయణ గారు ఊపులో.

అందరం ఆయన వంక చూశాం. అది మేమింకా చదవని చివరి అధ్యాయంలోది!

"మొత్తం చదివేసేరాండీ?" అంది దుర్గ.

"ఆయ్. ప్రశ్నలడగాలంటే చదవొద్దేంటమ్మా?"

ముందే చెప్పేశారని పిల్లలు ఆయన మీద విరుచుకుపడ్డారు. అంతలో గంట కొట్టారు. తరువాతి పీరియడ్ ఆయన లెక్కలదే. ఆయన వెళ్లి చివరి బెంచీలో కూర్చుని, ఆ అధ్యాయం ఇప్పుడే కానిచ్చెయ్యమన్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒప్పందం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పాత్రల పటానికి చుట్టరికం మొదటి ప్రశ్న మాత్రమేననీ, ఎవరివల్ల ఎవరికి ఏం జరిగిందన్నది అసలు ప్రశ్న అనీ ఆ రోజు తెలుసుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్న పటాన్ని పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుని ఊరుకుంటారు. అందులో ఏదో లోటుందని తోస్తే మళ్లీ పుస్తకం తెరుస్తారు. రిటైరయ్యేదాకా నేను గీయించిన ప్రతి పటంలోనూ ఒకరిని గీత లేకుండా కావాలనే వదిలేశాను.